కీబోర్డు స్విచ్చులు - పాఠపరిష్కరణ దృష్టి

చరిత్రకారునకు వస్తువు కూడ ఒక ప్రమాణమే. శాసనములను, తాళపత్రములను పరిశీలించు శ్రద్ధతోడనే నిన్నమొన్నటి యంత్రభాగములను గూడ పరిశీలింపవలసియున్నది. కంప్యూటరు కీబోర్డున మీట క్రింద నుండు స్విచ్చి అట్టిది. పాత స్విచ్చులు క్రొత్తవానికంటె మేలైనవని అభిమానులలో నొక ప్రతీతి కలదు. దాని కాధారమెంతయో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట ఐ.బి.ఎం. వారి స్విచ్చిని గ్రహింతము. మీటను నొక్కినపుడు నిలువుగా నున్న స్ప్రింగు కొంతవరకు ఒత్తిడి కోర్చి, పిదప తటాలున ప్రక్కకు వంగును. శబ్దమును, వ్రేలికి తెలియు స్పర్శయు ఆ వంపువలననే కలుగును. రిచర్డ్ హారిస్ కల్పించిన ఈ పద్ధతికి 1970 దశకమున పేటెంటులు లభించినవి. 1981 నాటి పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన మోడల్ ఎఫ్ కీబోర్డు ఆ వంపును కెపాసిటెన్సు మార్పుగా గుర్తించెను. 1985 నాటి మోడల్ ఎం నందు అదే పద్ధతి పలుచని పొరలను అదుముట కుపయోగింపబడినది. పైపద్ధతి యొకటే యైనను అడుగుననున్న నిర్మాణము వేరు. కావున 'పాతది' యను ఒక్క మాటతో రెండింటిని కలిపి మెచ్చుట శాస్త్రీయము కాదు.

చెర్రీ ఎం.ఎక్స్. నల్ల స్విచ్చి విషయము మరింత చిక్కైనది. 1980 దశకమున వెలసిన ఈ స్విచ్చి సుమారు 60 సెంటీన్యూటనుల బలమునకు, 2 మి.మీ. లోతున స్పందించును, మొత్తము కదలిక 4 మి.మీ. దాని పాత ప్రతులు మిక్కిలి నునుపైనవని ఖ్యాతి. ఆ నునుపు నాటి అచ్చులదని కొందరును, ఏండ్ల తరబడి వాడుకలో కలిగిన అరుగుదలదని కొందరును అందురు. పేటెంటు గడువు తీరిన పిదప గేటరాన్, కైల్ మొదలగు పేర్లతో అదే ఆకృతి స్విచ్చులు చైనానుండి వెలువడినవి. వీనిలో అనేకములకు కర్మాగారముననే కందెన పూయబడుచున్నది. అరిగిన పాతదానిని పొడిగా నున్న క్రొత్తదానితోగాని, కందెన పూసినదానితోగాని పోల్చినచో తేలునది కాలభేదము కాదు, స్థితిభేదము మాత్రమే.

ఇక సంస్కరణము. అభిమానులు స్విచ్చిగూటిని విప్పి, లోని కాడకు కందెన పూయుదురు, స్ప్రింగు మార్చుదురు, కదలాడకుండుటకై గూటి రెండు భాగముల నడుమ పలుచని పొరను చేర్చుదురు. 'క్లియర్' స్విచ్చికి తేలిక స్ప్రింగు నమర్చగా 'ఎర్గో క్లియర్' ఏర్పడినది. ఇవి వాడువారికి హితమే. కాని సంస్కరింపబడిన స్విచ్చి మూలము కాదు, పరిష్కృత పాఠము. పరిష్కర్త పాఠాంతరములను పుట అడుగున చూపక మూలప్రతిని చెరిపివేసినచో మనము క్షమింతుమా?

కావున విప్పుటకు ముందే ఏ కీబోర్డునుండి తీసినదో, ఎంత అరిగినదో, స్ప్రింగు బలమెంతయో వ్రాసియుంచవలెను. ప్రతి సముదాయమునుండి కొన్నింటినైనను ముట్టక భద్రపరుపవలెను. వానిని మెరుగుపరచు చేతులు పెక్కు కలవు. ఆనాటి ప్రతులు మాత్రము తిరిగి పుట్టవు.