నెత్తుటిలోని సీసానికి పుదీనా పువ్వు వల

2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోసాగారు. కొద్ది రోజుల్లోనే 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ తేల్చింది. అసలు కారణం పురుగుమందుల అవశేషాలు కావచ్చని నిపుణులు తర్వాత అన్నారు. ఏమైనా, నెత్తుటిలో లోహాల లెక్క ఎంత అవసరమో ఆ వారం అందరికీ తెలిసొచ్చింది.

ఆ లెక్క తేలిక కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 3.5 మైక్రోగ్రాముల సీసం ఉన్నా పిల్లల విషయంలో జాగ్రత్తపడాలని 2021 నుంచి అమెరికా సీడీసీ చెబుతోంది. ఒక మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. ఉప్పులు, ఇనుము, ప్రొటీన్ల నడుమ నుంచి ఆ సీసాన్ని వేరుచేయాలి.

1925లో జర్మనీలో హెల్ముట్ ఫిషర్ డైథిజోన్ అనే రసాయనంతో లోహాలను పట్టే దారి చూపాడు. క్లోరోఫాంలో ఆకుపచ్చగా ఉండే అది సీసం తగలగానే ఎర్రబడుతుంది. 1955లో అలన్ వాల్ష్ పరమాణు శోషణ పద్ధతిని ప్రకటించాక కొలత కచ్చితమైంది. కానీ క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి ద్రావణులు కాలేయానికి చేటు. విషాన్ని కొలిచేవాళ్లే విషం పీల్చాల్సి రావడం అన్యాయం.

హాని తక్కువ ద్రావణుల వైపు మలుపు 2003లో వచ్చింది. 302 డిగ్రీలకు కరిగే కోలిన్ క్లోరైడ్ ఒక పాలు, 133 డిగ్రీలకు కరిగే యూరియా రెండు పాళ్లు కలిపితే ఆ మిశ్రమం 12 డిగ్రీలకే ద్రవమవుతుందని ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఆండ్రూ అబాట్ బృందం చూపింది. మన పొలాల్లో చల్లే యూరియాయే! అయితే అది నీళ్లలో కలిసిపోతుంది, విడిగా తేలదు. 2015లో నీటితో కలవని మిశ్రమాలు వచ్చాయి. మెంథాల్, అంటే పుదీనా పువ్వు, వాటిలో ముఖ్యమైనది. పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం కలిపితే నీరైపోయే అమృతధార మన ఇళ్లకు కొత్తేమీ కాదు, సూత్రం అదే. లోహాన్ని పట్టే డైథిజోన్ వంటిది తోడైతే, కొన్ని మైక్రోలీటర్ల ద్రవంలోకే సీసం చేరుతుంది.

లోహాలను కొలిచే ఖరీదైన ఐసీపీ-ఎంఎస్ పరికరం ఉన్నచోట రక్తాన్ని పలచన చేసి నేరుగా కొలుస్తారు. అది లేనిచోట మామూలు పరికరానికి కూడా అందేలా లోహాన్ని చిక్కబరచడమే ఈ ద్రావణుల విలువ. అందుకే ఇవి బాన్సువాడ లాంటి చిన్న ఊళ్లకు కావాలి. అక్కడి డిగ్రీ కళాశాల కెమిస్ట్రీ అధ్యాపకులకు నా విన్నపం: రక్తం దాకా వెళ్లకముందు, బోరు నీళ్లతో ఈ ప్రయోగాన్ని పిల్లల చేత చేయించండి.