రెండు చెరువులు, ఒక బిందె (విగ్రహాల చరిత్ర – 6)

పోయిన భాగం చదివిన విద్యార్థి ఒకరు అడిగారు: "మేడమ్, విగ్రహం పెట్టాలంటే ఎంత గొప్పవాళ్లయి ఉండాలి?" జవాబు రెండు చెరువుల దగ్గర వెతుకుదాం.

మొదటిది హుస్సేన్ సాగర్. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం ట్యాంక్ బండ్ మీద విగ్రహాలు నిలబెట్టింది. నన్నయ, కృష్ణదేవరాయలు, అన్నమయ్య, గురజాడ. జాషువా కూడా ఉన్నాడు, అది చిన్న విషయం కాదు. కానీ 1906లోనే హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి, 1917 బెజవాడ సభలో 'పంచములు' అన్న పేరును తోసిపుచ్చిన భాగ్యరెడ్డి వర్మకు సొంత ఊళ్లోనే ఆ వరుసలో చోటు దక్కలేదు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో కొన్ని విగ్రహాలు కూలాయి. "మా వాళ్లేరీ?" అని తెలంగాణ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. వాడల నుంచి మనం అడగాల్సిందీ అదే.

రెండోది కారంచేడు చెరువు. ట్యాంక్ బండ్ విగ్రహాలకు ముందు ఏడాది, 1985 జూలై 16. మాదిగపల్లె తాగే నీళ్లను కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి మురికి చేశారు. వద్దన్న కుర్రాడిని కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీదికీ చెయ్యి లేస్తే బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది. 1989 అట్రాసిటీ చట్టం వెనక ఉన్న ఒత్తిడిలో కారంచేడూ ఉంది.

"ఆమె బాధితురాలు కదా, ఊళ్లో ఓ స్మారకం చాలు" అంటారు కొందరు. స్మారకం చనిపోయినవాళ్లకు. సువార్తది ఎదురు నిలిచిన చరిత్ర. చెరువు తవ్వించిన రాజుది కీర్తి అయినప్పుడు, ఆ నీళ్ల కోసం బిందె ఎత్తిన మాదిగ స్త్రీది ఉత్త గొడవ ఎలా అవుతుంది? 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ దోసిలి పట్టిందీ చెరువు నీళ్లకే. ఆయన 125 అడుగుల విగ్రహం 2023 ఏప్రిల్ 14 నుంచి హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉంది. సంతోషం. ఆయన దోసిలికి దండ వేసేవాళ్లు ఆమె బిందెనూ గుర్తించాలి.

కంచు బొమ్మ పెడితే వాడకు నీళ్లు రావు, నిజమే. కానీ ఏదో ఒకరోజు ఒక పిల్ల ఆగి, "ఈమె బిందె ఎందుకు ఎత్తిందమ్మా?" అని అడుగుతుంది. ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.

వచ్చే భాగం: చుండూరు.

జై భీమ్.