ఆఖరి లిఫ్టు: 137.5

2000 సెప్టెంబర్ 19. సిడ్నీ ఒలింపిక్స్, డార్లింగ్ హార్బర్. అరచేతుల నిండా తెల్లటి చాక్ పొడి. ఎదురుగా ఇనుప బార్. కరణం మల్లీశ్వరికి మిగిలింది ఒక్క లిఫ్టే. స్నాచ్‌లో 110 అయింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 130 అయింది. ఇప్పుడు బార్ మీదున్నది 137.5 కిలోలు. ఒక్కసారిగా ఏడున్నర పెంచేశారు!

ఆ హాల్లో ఆమె మోస్తున్నది ఇనుమొక్కటే కాదు. ఊసవానిపేటలో పెరిగి, ఆముదాలవలసలో కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర పన్నెండేళ్లకే బార్ పట్టి, 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచాన్ని గెలిచిన మనిషి, ఇప్పుడు 69 కిలోల విభాగంలోకి వచ్చేసరికి, ఒళ్లు చేసిందనీ పనైపోయిందనీ పేపర్లు రాసిన మాటలన్నీ వెంటేసుకునే విమానం ఎక్కాల్సి వచ్చింది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌కి రావడం అదే మొదలు. మళ్లీ ఇలాంటి రోజు వస్తుందో రాదో!

మల్లీశ్వరి పుట్టిన ఉత్తరాంధ్ర వాళ్లకి బలం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊపిరి బిగబట్టి ఛాతీకి చుట్టిన గొలుసు తెంచిన కోడి రామ్మూర్తి నాయుడు అక్కడివాడే. కానీ బలమంటే కండ ఒక్కటే కాదు. 1961లో ఇకాయ్, స్టైన్‌హాస్ అనే పరిశోధకులు మోచేతి బలం కొలుస్తూ వెనక తుపాకీ పేల్చారు. బలం పెరిగింది. గట్టిగా అరవమన్నారు. ఇంకా పెరిగింది. కండ అదే, చెయ్యీ అదే. మామూలు వేళల్లో మెదడే కొంత బలాన్ని పట్టి ఉంచుతోందన్నమాట. మరి ఇలాంటి క్షణంలో వదుల్తుందా, ఇంకా బిగిస్తుందా?

గడియారం సెకన్లు మింగేస్తోంది. మల్లీశ్వరి వంగింది. వేళ్లు బార్ చుట్టూ బిగుసుకున్నాయి. లాగింది.

బార్ నిలవలేదు. కింద పడింది.

చైనా లిన్ వీనింగ్, హంగరీ ఎర్జెబెత్ మార్కుష్, ఇద్దరూ రెండు లిఫ్టులూ కలిపి ఎత్తింది 242.5. ఒంటి బరువు తక్కువున్న లిన్‌కి బంగారం. 240తో మల్లీశ్వరికి కాంస్యం. ఒలింపిక్స్‌లో భారత మహిళకి దక్కిన మొట్టమొదటి పతకం అది. ఇంట్లో కూర్చుని కూడికలు చెయ్యడం ఎవరికైనా సులువే గానీ, 135 ఎత్తినా మొత్తం 245 అయ్యేది.