ఇండియా పేల్ ఏల్‌లో ఇండియా ఎంత?

హైదరాబాదు, బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో ఐపీఏ గ్లాసుతో పాటు తరచు ఒక కథ కూడా వడ్డిస్తారు. ఇంగ్లండు బీరు ఇండియా చేరేసరికి పాడైపోయేదట. జార్జ్ హాడ్జ్‌సన్ అనే ఆయన హాప్స్ దండిగా వేసి, ఘాటు పెంచి, చెడిపోని కొత్త బీరు కనిపెట్టాడట. కథ బావుంది. మన ఎండల కోసం పుట్టిన బీరు అనుకుంటే ఆ చేదు కాస్త సులువుగానే దిగుతుంది. చిక్కల్లా ఏమిటంటే ఇందులో నిజం తక్కువ. మార్టిన్ కార్నెల్ అనే బీరు చరిత్రకారుడు పాత పత్రికల ప్రకటనలు తిరగేసి దీన్ని చాలావరకు కూలగొట్టాడు.

హాప్స్ అంటే ఒక తీగకి కాసే పచ్చటి పూలు. బీరుకి చేదునిస్తాయి, త్వరగా పాడవకుండా కాపాడతాయి. వేడి దేశాలకి పంపే బీరులో ఇవి ఎక్కువ వెయ్యాలన్న సంగతి 1760ల్లోనే బ్రూయర్లకి తెలుసు. పైగా నల్లటి పోర్టర్ కూడా అవే ఓడల్లో భేషుగ్గా వచ్చేది. కంపెనీ పటాలాల్లోని తెల్ల సోల్జర్లు ఎక్కువగా తాగింది అదే. పేల్ ఏల్ ఆఫీసర్లది, కంపెనీ దొరలది. ఇక్కడి జనానికి ఉన్నది కల్లు, సారా. వాటి మీద ఆబ్కారీ పన్ను.

హాడ్జ్‌సన్‌ని గెలిపించింది రుచి కాదు, అడ్రసు. లండన్ తూర్పున బో దగ్గర ఆయన బ్రూవరీ, దానికి కూతవేటు దూరంలో బ్లాక్‌వాల్‌లో కంపెనీ ఓడలు. సొంత వ్యాపారం చేసుకునే ఓడ కెప్టెన్లకి ఏడాదిన్నర దాకా అప్పిచ్చేవాడు. ప్రాడక్ట్ కన్నా డిస్ట్రిబ్యూషన్ గెలవడం మా సాఫ్ట్‌వేర్‌లోనే మొదలవలేదన్నమాట!

పంపిందీ కొత్తది కాదు. ఇంగ్లీషు జమీందార్లు అక్టోబరులో కాయించుకుని, ఏడాదీ రెండేళ్ళూ నేలమాళిగలో దాచుకునే బీరు లాంటిదే. మార్పంతా దారిలో జరిగింది. నాలుగు నుంచి ఆరు నెలల ప్రయాణం, భూమధ్యరేఖ రెండుసార్లు దాటాలి, వేడీ చలీ మార్చి మార్చి, పీపాలకి ఎడతెగని ఊపు. మద్రాసులో అప్పటికి హార్బరు లేదు. ఓడలు దూరంగా ఆగితే సరుకుని మసూలా పడవల్లో అలలు దాటించి ఒడ్డుకి చేర్చేవాళ్ళు. జాడీలో ఆవకాయ ఊరినట్టు పీపాలో బీరు మాగింది. నేలమాళిగలో రెండేళ్ళు పట్టే పని సముద్రం నెలల్లో చేసిపెట్టింది. నాకు ఈ కథే ఎక్కువ నచ్చుతుంది, ఇందులో మేధావి ఎవడూ లేడు కాబట్టి.

1820ల మొదట్లో హాడ్జ్‌సన్ వారసులు అప్పు బిగించి, కెప్టెన్లని తప్పించి తామే సరుకు పంపబోయారు. కంపెనీకి ఒళ్ళు మండింది. 1822లో డైరెక్టర్ క్యాంప్‌బెల్ మార్చ్‌బ్యాంక్స్, రష్యా సుంకాల దెబ్బకి కుదేలైన బర్టన్ బ్రూయర్ శామ్యూల్ ఆల్సప్‌ని పిలిచి, ఇలాంటిది మీరూ చెయ్యండి అన్నాడు. మొదటి శాంపిల్ టీపాట్‌లో కాచారని చెప్పుకుంటారు. బర్టన్ బావి నీళ్ళలో జిప్సం ఎక్కువ. దానివల్ల హాప్స్ చేదు మొద్దుగా కాకుండా పదునుగా పలుకుతుంది. ఐపీఏ రుచిలో నికరంగా ఒక ఊరిది అనదగ్గ గుణం ఉంటే అది బర్టన్‌దే, ఇండియాది కాదు. ‘ఈస్ట్ ఇండియా పేల్ ఏల్’ అన్న పేరు కూడా, ఇప్పటిదాకా దొరికినంతలో, 1829 నాటి సిడ్నీ పత్రికా ప్రకటనలో కనిపించింది.

మనకిప్పుడు పరిచయమైన ఐపీఏ అమెరికాది. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ వాళ్ళు 1975లో లిబర్టీ ఏల్‌లో కాస్కేడ్ అనే కొత్త హాప్స్ వాడారు. ఇక బీర్లని ‘శైలులు’గా విడదీసి మాట్లాడే అలవాటు 1977లో మైకేల్ జాక్సన్ (పాటగాడు కాదు, ఇంగ్లీషు జర్నలిస్టు) రాసిన ప్రపంచ బీర్ల పుస్తకంతో బలపడింది. మన ప్రక్రియల పేర్లలాగే, ముందు తాగారు, తర్వాత విమర్శకుడు పేరు పెట్టాడు.

వీలైతే రెండూ పక్కపక్కన పెట్టుకుని రుచి చూడండి. మరీ చల్లగా వద్దు, వాసన చచ్చిపోతుంది. ముందు వాసన పట్టండి. అమెరికాదానిలో పంపరపనస తొక్క, కాస్త దేవదారు బంక. ఇంగ్లీషుదానిలో ఎండుటాకు, నారింజ తొక్క, వెనకాల బిస్కెట్టు లాంటి మాల్టు. చేదు కూడా వేరు: మొదటిది నాలుక మీద నిలబడి మాట్లాడుతుంది, రెండోది గుటక దిగాక వేపపువ్వులా మెల్లగా వస్తుంది.