ఇంట్లోనే తియ్యటి బార్బెక్యూ సాస్: టమోటా, బెల్లం, చింతపండుతో తయారీ, హలాల్ జాగ్రత్తలు, నిల్వ

నిప్పుల మీద కాల్చిన మాంసానికి పూసే తీపి, పులుపు, కారం కలిసిన చిక్కటి పూతే బార్బెక్యూ సాస్. బక్రీద్ రోజుల్లో ఇంటికి ఖుర్బానీ గోష్త్ రాగానే పిల్లలు అడిగేది ఇప్పుడు కబాబ్ ఒక్కటే కాదు, ఫోన్‌లో చూసిన బార్బెక్యూ కూడా. బజారులో దొరికే సీసాల్లో ఏముందో చాలామందికి తెలియదు. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇళ్లలో దీనికి కావలసిన సరుకు దాదాపు అంతా వంటింట్లోనే ఉంటుంది. తయారీకి గంటన్నర సమయం చాలు.

పేరు ఎక్కడిది, రుచి ఎక్కడిది

కరీబియన్ దీవుల్లోని టైనో జాతివారు నిప్పుల పైన కర్రలతో కట్టే మంచెను స్పెయిన్ వాళ్లు ‘బార్బకోవా’ అన్నారు. ఆ మాటే తర్వాత బార్బెక్యూ అయింది. అమెరికాలో ఒక్కో ప్రాంతానిది ఒక్కో సాస్. నార్త్ కరోలినా తూర్పు భాగంలో వెనిగర్, మిరపతో పలచగా చేస్తారు. సౌత్ కరోలినాలో ఆవాల ముద్ద కలుపుతారు. టమోటా, మొలాసిస్‌తో చిక్కగా, తియ్యగా చేసేది కాన్సాస్ సిటీ పద్ధతి. మన బజారులో కనిపించే తియ్యటి సాస్‌లు ఎక్కువగా ఈ రకమే.

మొలాసిస్ అంటే చక్కెర తీయగా మిగిలే నల్లటి పాకం. బెల్లంలో ఆ పాకం వేరుకాకుండా అలాగే ఉంటుంది. అందుకే మొలాసిస్ బదులు బెల్లం వేస్తే రుచి దగ్గరగా వస్తుంది, చక్కెర వేస్తే రాదు. రంజాన్‌లో దహీ వడల మీద పోసే ఇమ్లీ, గుడ్ చట్నీ తెలిసిన ఇంట్లో ఈ సాస్ కొత్త వంటేమీ కాదు. దానికి టమోటా, వెనిగర్, పొగ వాసన తోడైతే ఇదే.

కావలసినవి (సుమారు 600 గ్రాముల సాస్‌కు)

- బాగా పండిన టమోటాలు: 1 కిలో
- బెల్లం: 200 గ్రాములు
- చింతపండు: 30 గ్రాములు (చిన్న నిమ్మకాయంత)
- వెనిగర్ (సిర్కా): 100 మిల్లీలీటర్లు
- ఉల్లిపాయలు: మధ్యరకం 2
- వెల్లుల్లి: 8 రెబ్బలు
- బ్యాడగి ఎండుమిరపకాయలు: 6
- ఉప్పు: 2 టీ చెంచాలు
- మిరియాల పొడి, శొంఠి పొడి: అర టీ చెంచా చొప్పున
- లవంగాలు 3, చిన్న దాల్చిన చెక్క
- నూనె: 1 పెద్ద చెంచా

పత్తికొండ మార్కెట్‌లో ధర పడిపోయి రైతులు టమోటాలను రోడ్డు పక్కన పారబోసే రోజులు ఈ జిల్లాకు కొత్త కాదు. అలాంటప్పుడు నాలుగైదు కిలోలు కొని సాస్ చేసుకోవడం ఇంటికి లాభం. నాటు టమోటాలో పులుపు ఎక్కువ కాబట్టి అవి దొరికితే మంచిది. ఉల్లిపాయల సంగతి చెప్పనక్కర్లేదు, రాష్ట్రంలో ఉల్లి ఎక్కువగా పండేది కర్నూలు జిల్లాలోనే. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడగి మిరప ఎర్రటి రంగు ఇస్తుంది, కారం తక్కువ. సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లి వచ్చిన ఇళ్లలో ఘాటు మిరపకాయలు ఉంటే 2 మాత్రమే వేసి, రంగు కోసం కాశ్మీరీ కారం ఒక చెంచా కలుపుకోవచ్చు.

తయారీ

1. టమోటాలను నిప్పుల మీద గానీ, స్టవ్ మంట మీద గానీ తొక్క నల్లబడేదాకా కాల్చాలి. ఆరాక తొక్క తీసేయాలి. కొద్దిగా మాడిన తొక్క మిగిలినా పర్వాలేదు. సీసాల్లోని సాస్‌కు పొగ వాసన కోసం కలిపే ద్రవం మనకు అక్కర్లేదు, ఆ వాసన ఇక్కడే వచ్చేస్తుంది.

2. మిరపకాయలను తొడిమలు తీసి, చింతపండును విడిగా, వేడినీళ్లలో అరగంట నానబెట్టాలి. చింతపండు రసం చిక్కగా పిండి, పిప్పి, గింజలు తీసేయాలి.

3. బెల్లాన్ని పావు గ్లాసు నీళ్లలో కరిగించి వడకట్టాలి. బెల్లంలో ఇసుక, పీచు ఉంటాయి. ఈ పని మానేస్తే సాస్ తినేటప్పుడు పంటి కింద కరకరమంటుంది.

4. మందపాటి స్టీలు గిన్నెలో నూనె వేడిచేసి ఉల్లిపాయ ముక్కలు, వెల్లుల్లి ఎర్రగా వేయించాలి. లవంగాలు, చెక్క, టమోటాలు వేసి 20 నిమిషాలు మగ్గనివ్వాలి. చల్లారాక చెక్క తీసేసి, నానిన మిరపకాయలతో కలిపి మెత్తగా రుబ్బి, జల్లెడలో వడకట్టాలి.

5. వడకట్టిన గుజ్జును తిరిగి గిన్నెలో పోసి చింతపండు రసం, బెల్లం నీళ్లు, ఉప్పు, మిరియాల పొడి, శొంఠి పొడి కలపాలి. సన్నని మంట మీద 30 నుంచి 40 నిమిషాలు ఉడికించాలి. గుజ్జు చిందుతుంది కాబట్టి మూత సగం వేసి, పొడుగు గరిటెతో అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి.

6. వెనిగర్‌ను చివరి 10 నిమిషాల్లో పోయాలి. ముందే పోస్తే ఉడుకుతున్నంతసేపు ఆవిరై పులుపు తగ్గిపోతుంది.

పళ్లెంలో ఒక చుక్క వేసి మధ్యలో వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. అదే పాకం. చల్లారాక సాస్ ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కొంచెం జారుగా ఉండగానే దించాలి.

గిన్నె విషయం

చింతపండు, వెనిగర్ రెండూ పులుపే. కళాయి పోయిన రాగి, ఇత్తడి పాత్రల్లో పులుపు ఉడికితే లోహం సాస్‌లోకి దిగుతుంది, చిలుము పడుతుంది. అల్యూమినియం కూడా దీనికి పనికిరాదు. పెళ్లిళ్లలో వాడే పాత డేగ్షాలకు కళాయి సరిగ్గా ఉందో లేదో చూడకుండా ఇందులో దించకూడదు. ఇంటి వంటకు స్టీలు గిన్నె చాలు.

హలాల్ సంగతులు

వెనిగర్ మంచి ఇదామ్ (రొట్టెతో నంజుకునేది) అని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మెచ్చుకున్నట్లు జాబిర్ (రజి.) నుంచి సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. బజారులో దొరికే మామూలు సింథటిక్ వెనిగర్, చెరకు వెనిగర్ విషయంలో సందేహం అక్కర్లేదు. ద్రాక్ష సారా నుంచి చేసిన వెనిగర్ గురించి మాత్రం మజ్హబ్‌ల మధ్య తేడా ఉంది. మనిషి ఏదైనా కలిపి సారాను వెనిగర్‌గా మార్చినా హనఫీ ఫిఖ్‌లో చెల్లుతుంది. షాఫయీ ఫిఖ్‌లో దానంతట అది మారితేనే చెల్లుతుంది. సందేహం ఉన్నవాళ్లు మామూలు వెనిగర్ వాడుకుంటే సరిపోతుంది.

సీసా సాస్ కొనేవాళ్లు ఆకుపచ్చ చుక్క చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఆ గుర్తు మాంసాహారం కలవలేదని మాత్రమే చెబుతుంది, మద్యం గురించి ఏమీ చెప్పదు. లేబుల్ మీద బోర్బన్, విస్కీ, వైన్, రమ్ అనే మాటలు ఉన్నాయేమో చూడాలి. ఎరుపు రంగు కోసం వాడే ఐ.ఎన్.ఎస్. 120 అనేది కార్మైన్, ఒక రకం పురుగుల నుంచి తీస్తారు.

మాంసం మీద ఎప్పుడు పూయాలి

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. బెల్లం ఉన్న సాస్‌ను మొదటే పూసి నిప్పుల మీద పెడితే పైన నల్లగా మాడిపోతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. చక్కెర 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర రంగు మారి కారమెల్ అవుతుంది, ఆ పైన మాడి చేదెక్కుతుంది. నిప్పుల వేడి అంతకన్నా ఎంతో ఎక్కువ. అందుకే ముందు ఉప్పు, అల్లం వెల్లుల్లి, పెరుగుతో నానబెట్టి మాంసాన్ని దాదాపు పూర్తిగా కాల్చాలి. చివరి 5 నుంచి 10 నిమిషాల్లో సాస్‌ను పలచగా రెండు మూడు సార్లు పూయాలి. కోడి మాంసం లోపల 74 డిగ్రీల వేడి తగలాలి. థర్మామీటర్ లేకపోతే ఎముక దగ్గర కోసి చూడాలి, ఎర్రటి నీరు కనపడితే ఇంకా కాల్చాలి.

ఖుర్బానీ మాంసం గట్టిగా ఉంటే సాస్ దాన్ని మెత్తబరచదు. పచ్చి బొప్పాయి ముద్ద కొద్దిగా పట్టించడమో, ముందే సగం ఉడికించడమో చేయాలి. నిప్పుల ఏర్పాటు లేని ఇంట్లో పెనం మీద వేయించి చివర్లో సాస్ కలిపినా బాగుంటుంది.

పచ్చి మాంసాన్ని తాకిన బ్రష్‌ను సాస్ సీసాలో ముంచకూడదు. పూయడానికి ఒక గిన్నెలో, దస్తర్‌ఖాన్ మీద పెట్టడానికి మరో గిన్నెలో వేరు చేసుకోవాలి. ఇంకో మాట, బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

నిల్వ

గాజు సీసాలను, మూతలను 10 నిమిషాలు నీళ్లలో మరిగించి ఆరబెట్టాలి. సాస్ వేడిగా ఉండగానే నింపి మూత బిగించాలి. ఫ్రిజ్‌లో నెల రోజుల్లో వాడేయాలి. తడి చెంచా పెట్టకూడదు. ఈ సాస్ చెడకుండా కాపాడేది పులుపే. అందుకే రుచి కోసమని చింతపండు, వెనిగర్ తగ్గించి, నిల్వ మాత్రం అంతే కాలం చేయడం తప్పు.

ఎండాకాలంలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కరెంటు పోతుంటుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సగం కొలతలతో చేసి రెండు రోజుల్లో అయిపోగొట్టడమే మేలు. మూత ఉబ్బినా, నురగ వచ్చినా, సారా వాసన కొట్టినా సాస్ పులిసిందని అర్థం. మళ్లీ మరిగించి తినే ప్రయత్నం చేయకుండా పారేయాలి. ఆరోగ్యం ఒక కారణమైతే, పులిసి మత్తు చేరిన దానికి దూరంగా ఉండటం దీన్ చెప్పిన జాగ్రత్త కూడా.

ఎవరు తగ్గించుకోవాలి

ఈ కొలతల్లో సాస్‌లో మూడో వంతు బెల్లమే. 15 గ్రాముల చెంచాకు 5 గ్రాముల బెల్లం లెక్క. బెల్లం మంచిదే కదా అని షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ వేసుకోకూడదు, రక్తంలో చక్కెరను అది కూడా పెంచుతుంది. నానమ్మ, తాతయ్య కోసం బెల్లం సగానికి తగ్గించి విడిగా కొంచెం చేస్తే అందరూ కలిసి తినవచ్చు. అది చిక్కదనం తక్కువగా ఉంటుంది, నాలుగైదు రోజుల్లోనే అయిపోవాలి. కొందరు బెల్లం బదులు తేనె వేస్తారు. అలాంటి సాస్‌ను ఏడాది నిండని పిల్లలకు నాకించకూడదు. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వల్ల పసిపిల్లలకు బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

మిగిలిన సాస్ కబాబ్‌కే అని లేదు. జొన్న రొట్టెలోకి, ఉడికించిన గుడ్లలోకి, సాయంత్రం మిరపకాయ బజ్జీలోకి నంజుకోవడానికి సరిగ్గా సరిపోతుంది.