గాలానికి గడియారపు చక్రాలు

ఉత్తర అమెరికా మంచినీటి చెరువుల్లోనూ నిదానంగా పారే ఏళ్లలోనూ పెరిగే బ్లాక్ బాస్ చేప, తెలుగు చెరువుల్లోని కొర్రమీనులాగే, తుంగలోనో నీట మునిగిన కొమ్మల చాటునో కాచుకుని ఉండి, పక్కగా పోయే చిన్నచేపనో కప్పనో ఒక్క ఊపులో కరుచుకునే వేటజాతికి చెందినది. 1802లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లాసెపెద్ దీనికి మైక్రోప్టెరస్, అంటే చిన్నరెక్క గలది, అని పేరు పెట్టాడు. ఆయన చేతికి వచ్చిన నమూనాకు వీపు రెక్క దెబ్బతిని, దాని చివరి భాగం విడిగా మరో చిన్న రెక్కలా కనిపించడమే అందుకు కారణం కాగా, గాయపడిన ఒక్క చేప తెచ్చిపెట్టిన ఆ పేరు జాతి మొత్తానికీ నేటికీ నిలిచిపోయింది. మనిషి అలికిడి దగ్గరైతే బాస్ తప్పుకుంటుంది కనుక ఎరను దూరం నుంచే విసరాలి. ఆ ఎర బరువేమో కొద్దిపాటి గ్రాములే. అంత తేలిక వస్తువును అంత దూరం పంపడం ఎలాగన్న చిక్కును ఒక్కొక్క ముడిగా విప్పుకుంటూ పోయిన క్రమంలోనే బాస్ వేటకు తగిన రాడ్ (గాలపు కర్ర), రీలు, లూర్ రూపు దిద్దుకున్నాయి.

తొలి ముడిని విప్పినవారు జాలరులు కారు, గడియారాలు బాగుచేసేవారు. రీలు అంటే గాలపు కర్ర పిడి దగ్గర అమర్చిన దారపు కండె. రీలు పిడిని ఒకసారి తిప్పితే కండె కూడా ఒక్కసారే తిరిగే పాత రీళ్లు దారాన్ని దాచుకోవడానికి పనికొచ్చాయే తప్ప విసరడానికి పనికిరాలేదు. కెంటకీ రాష్ట్రంలోని పారిస్ పట్టణంలో గడియారాలు, వెండి వస్తువులు చేసే జార్జ్ స్నైడర్ పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో, పళ్లచక్రాల సాయంతో కండెను పిడికంటే ఎన్నో రెట్లు వేగంగా తిప్పే రీలును తయారుచేశాడు. ఇలాంటి రీళ్లు ఇంగ్లండులో అంతకు ముందే ఉన్నా వాటి చక్రాలు మోటువి. గడియారపు పనితనంతో కోసిన స్నైడర్ చక్రాలు కండెను దాదాపు రాపిడి లేకుండా తిరగనిచ్చాయి, కాబట్టి ఎరగా కట్టిన చిన్నచేప బరువే దారాన్ని లాక్కుపోగలిగింది. 1830లలో అదే రాష్ట్రంలోని ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణానికి చెందిన మీక్ సోదరులు, వారి తర్వాత వారి వద్ద పని నేర్చుకున్న బెంజమిన్ మిలమ్ ఈ విద్యను వృత్తిగా నిలబెట్టగా, కెంటకీ రీలు అన్న మాట నాణ్యతకు మారుపేరైంది.

అయితే తేలికగా తిరగడమే ఈ రీలుకు కొత్త చిక్కు తెచ్చింది. విసిరిన ఎర గాలి నిరోధానికి క్షణక్షణం వేగం తగ్గుతూ ఉంటే, కండె మాత్రం మొదటి ఊపుతోనే తిరుగుతూ దారాన్ని అక్కర్లేనంత వదిలేస్తుంది. వదులైన దారం ఉంగరాలుగా లేచి, ఒకదానిలో ఒకటి దూరి, చూస్తుండగానే పిట్టగూడంత చిక్కుముద్ద అవుతుంది. దీనికి చాలాకాలం బొటనవేలే విరుగుడు: ఎర గాలిలో ఉన్నంతసేపూ తిరిగే కండెపై వేలిని ఆనీఆననట్టు ఉంచి, ఎర నీటిని తాకే క్షణాన నొక్కిపట్టాలి. మిచిగన్‌లోని కలమజూలో విలియం షేక్స్‌పియర్ అనే వ్యక్తి (నాటకకర్తతో పేరు తప్ప వేరే చుట్టరికం లేదు) పంతొమ్మిదో శతాబ్దం చివర, దారాన్ని కండె మీద అటూ ఇటూ సమంగా పరిచే అమరికకు పేటెంటు పొందాడు; దారం ఒకేచోట గుట్టపడే బెడద దానితో తీరింది గాని బొటనవేలికి మాత్రం విశ్రాంతి దొరకలేదు.

రాడ్ కథలో భారతదేశానికీ చిన్న పాత్ర ఉంది. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, వాటిని జిగురుతో అతికి కర్రగా మలిచే పద్ధతి పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో తుపాకులు చేసే శామ్యూల్ ఫిలిప్ చేతిలో 1840లలో రూపుదిద్దుకోగా, ఆ పనికి మొదట వాడింది ఓడలకెక్కిన రేవు పేరుతో కలకత్తా కేన్ అని పిలిచిన వెదురునే. తర్వాత చైనా నుంచి వచ్చిన టోంకిన్ వెదురు దాన్ని పక్కకు నెట్టింది. వైద్యుడైన జేమ్స్ హెన్షల్ 1881లో బ్లాక్ బాస్ మీద గ్రంథం ప్రచురించి, అప్పటి పొడవాటి బరువు కర్రలకు బదులుగా ఎనిమిది అడుగుల పైచిలుకు తేలిక రాడ్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. ప్రాణమున్న చిన్నచేపను పక్కనుంచి మెల్లగా ఊపి వేయడానికి అది సరిపోయింది.

కొయ్య లూర్ వచ్చాక ఆ లెక్క తప్పింది. లూర్ అంటే ప్రాణం లేకపోయినా కదలికతోనో మెరుపుతోనో చేపను భ్రమింపజేసే ఎర. తేనెటీగల పెంపకంలో పేరుపొందిన జేమ్స్ హెడ్డన్ మిచిగన్‌లోని డొవాజియాక్‌లో, మిల్లు చెరువు ఒడ్డున కూర్చుని చెక్కుతున్న కొయ్యముక్కను ఊరికే నీళ్లలోకి విసరగా బాస్ దాని మీదికి దూకిందని, కొయ్య లూర్ వ్యాపారానికి అదే బీజమని చెబుతారు. ఆ కథ నిజమైనా కాకపోయినా, కొయ్య ఎరకు ఊడిపోతుందన్న భయం లేదు కనుక తలమీదుగా గట్టిగా విసరవచ్చని తేలింది; దానితో ఐదారు అడుగుల పొట్టి రాడ్లకు ఆదరణ పెరిగింది.

బొటనవేలి చిక్కుకు రెండు జవాబులు వచ్చాయి. ఉన్ని మిల్లులకు పేరుపడ్డ ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ వాసి ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంటు పొందిన రీలులో కండె అసలు తిరగదు, దారమే దాని కొస మీదుగా జారిపోతుంది. మగ్గపు నాడెలోని నూలు జారడం ఎరిగిన వారెవరికైనా ఇది కొత్తగా తోచదు. 1940ల చివర టెక్సాస్‌కు చెందిన ఆర్.డి. హల్ ఈ సూత్రాన్నే మూతపెట్టిన రీలుగా మార్చి, చమురు బావులకు టైంబాంబులు చేసే టల్సా నగరపు కంపెనీకి ఇచ్చాడు. జెబ్కో అన్న బ్రాండు పేరు ఆ బాంబుల కంపెనీ పేరులోని పొడి అక్షరాలే. హల్ వృత్తి కూడా గడియారాల మరమ్మతే. రెండో జవాబు స్వీడన్ నుంచి వచ్చింది: కండె ఎంత వేగంగా తిరిగితే అంత గట్టిగా ఒరుసుకునే బ్రేకుతో 1950లలో ఆంబాసడర్ రీళ్లను అమ్మిన అబూ సంస్థ 1921లో మొదలైంది గడియారాల ఫ్యాక్టరీగానే.

అదే కాలంలో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ వంటింటి పొయ్యి మీద వినైల్‌ను కరిగించి మెత్తని ప్లాస్టిక్ ఎర్రలు పోశాడు. కొయ్య లూర్‌ను చేప కొట్టిందంటే చేతికి ఝల్లుమంటుంది. మెత్తని ఎర్రను మాత్రం నోట పెట్టుకుని నిలిచినా తెలియదు. చైనా వెదురుపై 1950లో అమెరికా నిషేధం పెట్టాక నిలదొక్కుకున్న ఫైబర్‌గ్లాస్ రాడ్లు విరగవు గాని, ఈ సన్నని కదలికను మింగేస్తాయి. విమానాల కోసం అభివృద్ధి అయిన కార్బన్ పోగులతో 1970లలో ఫెన్విక్ సంస్థ తెచ్చిన గ్రాఫైట్ రాడ్ తేలికైనది, బిగువైనది కాబట్టి ఆ స్పర్శను అరచేతి వరకూ చేర్చింది. రే స్కాట్ 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో ప్రారంభించిన బాస్ వేట పోటీల వల్ల, ఒక్కొక్క లూర్‌కు ఒక్కొక్క రాడ్ సిద్ధంగా ఉంచుకునే అలవాటు పాకిపోయి, దుకాణాల అరలు నిండాయి.

1932 జూన్ 2న జార్జియాలోని మోంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ పట్టిన బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు తూగి ప్రపంచ రికార్డుగా నిలిచింది. అతడు వాడింది ఒక కొయ్య లూర్. డెబ్బై ఏడేళ్ల తర్వాత, 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితా అంతకంటే కాస్త బరువైన చేపనే పట్టినా, రికార్డు దాటాలంటే కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నిబంధన వల్ల ఇద్దరినీ సమానులుగా ప్రకటించారు. కురితా గాలానికి గుచ్చింది ప్రాణమున్న చేపను.