మొటిమలు: టీనేజీలో, పాతికేళ్లు దాటాక

మొటిమలు చర్మంలోని నూనె గ్రంథులకు, రోమకూపాలకు వచ్చే దీర్ఘకాలిక వ్యాధి. వైద్యులు దీన్ని ఆక్నే వల్గారిస్ అంటారు. 12 నుంచి 24 ఏళ్ల మధ్య వయసువారిలో దాదాపు 85 శాతం మందికి ఎంతో కొంత వస్తుంది. 25 ఏళ్లు దాటాక ఉంటే పెద్దల మొటిమలుగా లెక్కిస్తారు. మూలం ఒకటే అయినా వచ్చే చోటు, రేపే కారణం, చర్మం మందును తట్టుకునే తీరు వయసును బట్టి మారతాయి. అందుకే తమ్ముడికి పనిచేసిన ట్యూబు అక్కకు సరిపడకపోవచ్చు.

ఏర్పడే తీరు

ఆండ్రోజన్ హార్మోన్ల ప్రభావంతో గ్రంథుల నుంచి జిడ్డు ఎక్కువగా ఊరుతుంది. రాలిపోవాల్సిన మృతకణాలు దానితో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల క్యూటిబాక్టీరియమ్ ఆక్నెస్ అనే బాక్టీరియా పెరిగి వాపు, ఎరుపు, చీము వస్తాయి. బ్లాక్‌హెడ్ నలుపు మురికి కాదు. ఎంత రుద్దినా పోదు.

టీనేజీలో

నుదురు, ముక్కు, బుగ్గల మీద ఎక్కువ. బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ ప్రధానం. వీపు, ఛాతీ మీదా రావచ్చు. తీవ్రమైన రకం అబ్బాయిల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందిలో ఇరవైల్లోకి వచ్చేసరికి తగ్గుతాయి. అలాగని వదిలేస్తే గుంటలు మిగిలే ప్రమాదముంది.

పాతికేళ్లు దాటాక

స్త్రీలలో ఎక్కువ. గడ్డం, దవడ అంచు, మెడ మీద లోతుగా, నొప్పిగా లేస్తాయి. నెలసరికి ముందు ఉబ్బుతాయి. నెలసరి తప్పుతున్నా, ముఖంపై అవాంఛిత రోమాలు పెరుగుతున్నా పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) ఉందేమో పరీక్షించాలి. పెద్దల చర్మం త్వరగా పొడిబారి మండుతుంది కాబట్టి మందు తక్కువ మోతాదులో మొదలుపెడతారు.

స్థానిక పరిస్థితులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మే నెల ఎండలు 45 డిగ్రీలకు చేరుకోగలవు. చెమట, రాపిడి మొటిమలను పెంచుతాయి. రైస్ మిల్లుల్లో పనిచేసేవారు, హెల్మెట్ పట్టీ దవడకు ఒరుసుకునేవారు పని ముగిశాక ముఖం కడుక్కుంటే మంచిది. తలకు దట్టంగా రాసే నూనె నుదుటికి జారినా అక్కడ మొటిమలు లేస్తాయి. మన చామనఛాయ చర్మంలో మొటిమ తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది; గిల్లితే ఇంకా ముదురుతుంది. నిమ్మరసం, టూత్‌పేస్ట్ రాస్తే చర్మం కాలి మచ్చపడవచ్చు.

సంరక్షణ, చికిత్స

రోజుకు రెండుసార్లు సున్నితమైన ఫేస్‌వాష్, రంధ్రాలు మూయని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ రెండు వయసులకూ అవసరం. తేలికపాటి మొటిమలకు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిపూట 0.1 శాతం అడాపలిన్ జెల్ వాడతారు. మొదటిది దుప్పట్లు, తువ్వాళ్ల రంగును వెలిసేలా చేస్తుంది. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, వారానికే ఆపేయకూడదు. పెద్దవారికి మచ్చలనూ తగ్గించే అజెలాయిక్ ఆమ్లం అనుకూలం. స్త్రీలలో అవసరమైతే వైద్యులు హార్మోన్ మాత్రలు, స్పైరోనోలాక్టోన్ ఇస్తారు. తీవ్రమైన రకానికి ఐసోట్రెటినాయిన్ ఉంది. అయితే అది గర్భస్థ శిశువుకు తీవ్ర లోపాలు కలిగిస్తుంది. వాడుతున్నప్పుడూ, ఆపాక మరో నెల వరకూ గర్భం రాకూడదు.

స్టెరాయిడ్ క్రీములు

మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీముల్లో బెటామెథాసోన్, క్లోబెటాసోల్ వంటి స్టెరాయిడ్లు ఉండవచ్చు. మొదట్లో ముఖం నున్నబడుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు రెట్టింపవుతాయి. ఇలాంటి 14 పైపూత స్టెరాయిడ్లను వైద్యుల చీటీ లేకుండా అమ్మకుండా కేంద్రం 2018లో నిబంధన మార్చింది. చాలాకాలంగా రాస్తున్నవారు వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.

వైద్యులను కలవాల్సిన సందర్భాలు

లోతైన గడ్డలు, గుంటలు, మూడు నెలల వాడకంతోనూ తగ్గకపోవడం, గర్భధారణ, మనసు కుంగి బయటికి వెళ్లలేకపోవడం ముఖ్యమైనవి. సూర్యాపేట, నల్లగొండల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఇలాంటి కాలేజీల అనుబంధ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. గుంటలు పడ్డాక పూడ్చడం కష్టం, ఖర్చు కూడా. వాపు దశలోనే చికిత్స మొదలుపెడితే వాటిని చాలావరకు రాకుండా ఆపవచ్చు.